దృష్టిలోపం గల పిల్లల ఆటహక్కు – పాఠశాల రక్షణధర్మం: ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

పాఠశాలలో ఆటల పీరియడు మోగగానే దృష్టిలోపం గల పిల్లలను పక్కన కూర్చోబెట్టడం సర్వసాధారణం. ఈ పని ద్వేషంతో జరగదు, దయతో జరుగుతుంది. అందువల్లనే దీనిలోని అన్యాయం కంటికి ఆనదు. పిల్లల విషయంలో రక్షణ ధర్మమే అయినప్పుడు, ఆ రక్షణ ఎక్కడ అధర్మంగా మారుతుందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకోసం భారతీయ న్యాయదృష్టాంతాలు, తెలుగు పిల్లల ఆటలు, అంధుల క్రీడల నియమాలు, ఆధునిక తత్త్వవేత్తల చర్చలు ఆధారంగా రక్షణ, సమత, సహాయం అనే మూడు భావనలను పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: దృష్టిలోపం, వ్యాయామవిద్య, సహిత విద్య, రక్షణధర్మం, ఆటనియమం, అంధపంగు న్యాయం.

1. ప్రస్తావన

పాఠశాల కాలపట్టికలో తక్కిన పీరియడ్లన్నీ పిల్లలను కూర్చోబెట్టి నేర్పేవి. కదిలించి నేర్పేది ఆటల పీరియడు ఒక్కటే. విచిత్రమేమిటంటే, తరగతి గదిలో బ్రెయిలీ పుస్తకం, పెద్ద అక్షరాల పాఠం, పరీక్షకు లేఖకుడు, అదనపు సమయం వంటి ఏర్పాట్లు దృష్టిలోపం గల విద్యార్థికి అవసరమని అంగీకరించే పాఠశాల కూడా ఆటస్థలం దగ్గరకు వచ్చేసరికి ఏ ఏర్పాటూ ఆలోచించదు. ఆ విద్యార్థి వరండాలో కూర్చుంటాడు, లేదా చెట్టుకింద తోటివారి సంచులకు, చెప్పులకు కాపలా ఉంటాడు, లేదా లెక్క రాసేవాడికి తోడుగా ఉంటాడు. 'పడిపోతాడేమో', 'బంతి తగులుతుందేమో', 'ఎవరైనా తోసేస్తారేమో' అన్న మాటలు ఆ నిర్ణయానికి కారణాలుగా వినిపిస్తాయి.

ఈ మాటల్లో ఎక్కడా క్రౌర్యం లేదు. వ్యాయామ ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు, తోటి పిల్లలు అందరూ అతని మేలు కోరినవారే. అయినా ఒకటవ తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక పిల్లవాడు ఒక్కసారైనా ఆయాసపడేలా పరుగెత్తకుండా బడి ముగించగలడు. చేసినవారు లేని అన్యాయం ఉంటుందా? ఉంటే దాని బాధ్యత ఎవరిది? ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

చట్టం తన మాట స్పష్టంగానే చెప్పింది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దాని 30వ అధికరణం, పాఠశాల వ్యవస్థలోని ఆటలతో సహా అన్ని ఆటపాటల్లో వైకల్యం గల పిల్లలకు తక్కిన పిల్లలతో సమానమైన అవకాశం ఉండాలంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, విద్యాసంస్థలు వివక్ష లేకుండా ప్రవేశం కల్పించడంతో పాటు చదువులోనూ క్రీడావినోదాల్లోనూ సమానావకాశాలు ఇవ్వాలని నిర్దేశిస్తుంది. అయితే చట్టం 'ఇవ్వాలి' అనగలదు గాని, ఇవ్వకపోవడమే మేలనుకునేవారి మనసుకు సమాధానం చెప్పలేదు. ఆ సమాధానం నీతివిచారం నుంచి రావాలి.

2. భాషలోని అంధుడు, ఇతిహాసంలోని అంధుడు

సమాజం ఒక వర్గాన్ని ఎలా ఊహించుకున్నదో దాని జాతీయాలు పట్టిస్తాయి. తెలుగులో 'గుడ్డిగా నమ్మడం' అంటే విచారణ లేకుండా నమ్మడం. 'గుడ్డెద్దు చేలో పడ్డట్టు' అంటే దిక్కూ మొక్కూ లేని కదలిక. శాస్త్రగ్రంథాల్లో 'అంధపరంపరా న్యాయం' ఉంది. ఒక అంధుని వెంట మరొక అంధుడు పట్టుకొని నడిస్తే అందరూ గోతిలో పడతారన్నది దాని సారం. ఇవన్నీ అజ్ఞానానికి సంకేతాలు. కాని గమనిస్తే వీటన్నిటిలోనూ అజ్ఞానం కదలికతో ముడిపడి ఉంది. చూపులేనివాడు కూర్చున్నంతసేపు లోకానికి ఇబ్బంది లేదు. లేచి నడిస్తేనే ప్రమాదం. ఆటస్థలం అంచున పిల్లవాణ్ని కూర్చోబెట్టే చేయి వెనుక ఈ జాతీయాల ఊహ కూడా పనిచేస్తున్నదనడం అతిశయోక్తి కాదు.

వీటికి భిన్నమైన దృష్టాంతం సాంఖ్యంలో ఉంది. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికల్లో 21వ కారిక ప్రకృతిపురుషుల సంయోగాన్ని కుంటివాడు, గుడ్డివాడు కలసిన తీరుతో పోలుస్తుంది. చూపున్నా నడవలేని పురుషుడు, నడవగలిగినా చూడలేని ప్రకృతి భుజాలమీద ఎక్కి దారి చూపుతాడని వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఈ అంధపంగు న్యాయంలో అంధునికి జ్ఞానం లేదు గాని బలం ఉంది, నడక ఉంది. దృష్టాంతం అతనికి ఒప్పుకున్న ఆ నడకను కూడా నేటి పాఠశాల ఒప్పుకోవడం లేదు. అయితే ఇక్కడ నడిచేవాడు ఒకడు, దారి నిర్ణయించేవాడు మరొకడు. సహాయం గురించిన ఈ ఊహను మళ్లీ పరిశీలించవలసి ఉంటుంది.

ఇతిహాసంలో ధృతరాష్ట్రుని పాత్ర ఈ చర్చకు మరింత దగ్గరిది. అంధుడన్న కారణంగా అతనికి తొలుత రాజ్యార్హత లేకపోయింది. కాని శిక్షణ లేకపోలేదు. భీష్ముని సంరక్షణలో ముగ్గురు సోదరులూ విద్యావ్యాయామాల్లో పెరిగారనీ, విలువిద్యలో పాండురాజు, ధర్మజ్ఞానంలో విదురుడు మిన్నలైనట్లే దేహబలంలో ధృతరాష్ట్రుడు మిన్న అయ్యాడనీ ఆదిపర్వం చెబుతుంది. అంటే ఆ రాజగృహంలో చూపులేని బాలునికి వ్యాయామం నిషిద్ధం కాలేదు. అయితే ఆ బలానికి తోటివారితో కలిసి ప్రకటితమయ్యే చోటు కావ్యంలో కనిపించదు. అది కనిపించేది యుద్ధం ముగిశాక, స్త్రీపర్వంలో, భీముడనుకొని ఇనుపబొమ్మను కౌగిలించి పిండి చేసినప్పుడు. దీన్ని కావ్యార్థంగా కాక ఒక సూచనగా తీసుకోవచ్చు: శరీరశక్తిని పెంచడం ఒక పని, దానికి సమాజంలో న్యాయమైన చోటు చూపడం మరొక పని. రెండవది లేనప్పుడు మొదటిది అసంపూర్ణం.

పాశ్చాత్య తత్త్వశాస్త్రానిదీ మరొక రకం ఉపేక్షే. 17వ శతాబ్దం చివర మోలినో లాక్‌కు వేసిన ప్రశ్న – పుట్టు అంధునికి చూపు వస్తే, తాకి తెలుసుకున్న గోళాన్నీ ఘనాన్నీ కంటితో గుర్తించగలడా అన్నది – శతాబ్దాలపాటు చర్చకు వచ్చింది. 1749లో దిదెరో అంధుల గురించి రాసిన లేఖ ఆ చర్చను విస్తరించింది. అక్కడ అంధుడు జ్ఞానమీమాంసకు ఉదాహరణ. అతనికి ఏమి తెలుసు అన్నదే ఆ చర్చకు కేంద్రం. అతడు పరుగెత్తాలా అన్నది దాని పరిధిలోకి రాలేదు.

3. లోపం ఎక్కువైతే అవసరం తగ్గుతుందా?

'చూపు లేదు కనుక ఆట వద్దు' అన్న వాదంలో మొదటి దోషం తర్కదోషం. చూపు తక్కువైన పిల్లలకు వ్యాయామం అవసరం తక్కువని దీనిలో అంతర్లీనంగా ఉంది. వాస్తవం దీనికి తలకిందులు.

చూపున్న పసిబిడ్డ ఎదుట ఉన్న వస్తువు కోసం చేయి చాస్తుంది, దోగాడుతుంది. చూపే కదలికకు పిలుపు. అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్ చేసిన పరిశీలనలు 1977లో గ్రంథంగా వచ్చాయి. పుట్టుకతో అంధులైన శిశువులు శబ్దం వినిపించిన దిక్కుకు చేయి చాపడం మొదటి సంవత్సరం చివరికి గాని మొదలుకాదని, ఆ పిలుపు అందేదాకా దోగాడడమూ ఆలస్యమవుతుందని ఆమె చూపింది. కాళ్లలో, వెన్నులో లోపం లేదు. కదలడానికి కారణం అందడంలోనే ఆలస్యం. తరువాతి దశలో కూడా ఇదే జరుగుతుంది. చూపున్న పిల్లలు గెంతడం, విసరడం, పట్టడం ఎవరూ నేర్పకుండానే ఇతరులను చూసి నేర్చుకుంటారు. అనుకరణకు దారిలేని పిల్లలకు ఆ పనులు ఒకరు చెప్పి, తాకించి నేర్పాలి. శరీరపు తూకాన్ని నిలిపేవాటిలో లోచెవి, కండరాల స్పృహలతో పాటు చూపు కూడా ఒకటి. అది లేనప్పుడు తక్కిన రెండింటికీ అభ్యాసం ఎక్కువ కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 5 నుంచి 17 సంవత్సరాల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి వరకు శారీరక శ్రమ చేయాలని ఉంది. వైకల్యం గల పిల్లలకూ అదే ప్రమాణం చెప్పింది. ఊళ్లో తక్కిన పిల్లలు బడి వదిలాక వీధిలో ఆ లోటు పూడ్చుకుంటారు. వీధి ఆటల్లో చోటు దొరకని పిల్లవానికి బడిలోని ఆటల పీరియడే దాదాపు ఏకైక అవకాశం. కనుక పాఠశాల అతని నుంచి తీసేస్తున్నది చాలావాటిలో ఒకటి కాదు, ఉన్న ఒక్కటి.

ఇంకా లోతైన నష్టం ఒకటుంది. 1945లో మెర్లోపాంటీ తన ఇంద్రియజ్ఞాన గ్రంథంలో అంధుని చేతికర్రను ఉదాహరించాడు. అలవాటైన కర్ర వస్తువుగా ఉండడం మానేసి స్పర్శకు కొనసాగింపు అవుతుంది. అంధుడు కర్రను తాకడు, కర్ర కొసతో లోకాన్ని తాకుతాడు. అంటే శరీరం చర్మంతో ముగిసేది కాదు, అభ్యాసంతో విస్తరించేది. అభ్యాసం నిరాకరించడమంటే ఆ పిల్లవాని లోకాన్ని అతని కుర్చీ కొలతకు కుదించడం. తెల్లకర్రతో నడక నేర్పేవారికి ఈ సంగతి అనుభవమే. నిటారుగా నిలవలేని, అడుగు ధైర్యంగా వేయలేని, తూకం తెలియని దేహానికి కర్ర పట్టించినంత మాత్రాన నడక రాదు.

4. రక్షణధర్మం: హద్దు ఎక్కడ?

ఇక్కడ ఎదుటి వాదాన్ని దాని పూర్తి బలంతో చూడడం న్యాయం. పెద్దలు తమ మేలు తామే నిర్ణయించుకోవచ్చు; పిల్లలు అలా కాదు. పిల్లల మేలును పెద్దలు నిర్ణయించడం తప్పు కాదు, కర్తవ్యం. కాబట్టి 'స్వేచ్ఛ' అన్న ఒక్క మాటతో రక్షణవాదాన్ని తోసిపుచ్చలేం. పైగా కొన్ని జాగ్రత్తలు నిజంగా అవసరం. హ్రస్వదృష్టి చాలా తీవ్రంగా ఉన్నవారిలో రెటీనా ఊడే ప్రమాదం ఉంటుంది కనుక తలకు దెబ్బ తగిలే ఆటలు వద్దని వైద్యులు చెప్పవచ్చు. కొన్ని రకాల నీటికాసుల వ్యాధిలో తలకిందులుగా ఉండే ఆసనాలు తగవు. ఆల్బినిజం ఉన్న పిల్లలకు మిట్టమధ్యాహ్నపు ఎండ కంటికీ చర్మానికీ హాని.

అయితే ఇవన్నీ ఒక్కొక్క బిడ్డ కంటిపరిస్థితిని బట్టి ఒక్కొక్క కదలికకు చెప్పిన జాగ్రత్తలు. 'తలకిందుల ఆసనం వద్దు' అన్న వైద్యుని మాట 'ఆట వద్దు' అన్న బడి నిర్ణయంగా మారినప్పుడు అది జాగ్రత్త కాదు, వెలి. రక్షణ న్యాయమైనదో కాదో తేల్చడానికి మూడు కొలతలు చెప్పుకోవచ్చు.

మొదటిది సమానప్రమాణం. ఖోఖోలో చూపున్న పిల్లవాని మోకాలు దోక్కుపోతే అయోడిన్ రాసి మళ్లీ ఆటకు పంపుతారు. అదే గాయం చూపులేని పిల్లవానికి తగిలితే అది ఉపాధ్యాయుని నిర్లక్ష్యం అవుతుంది. గాయం ఒకటే, నొప్పి ఒకటే. మారింది నింద మాత్రమే. అంటే 'పిల్లవాడు పడతాడేమో' అన్న భయంలో కొంత భాగం 'మాట మనమీదికి వస్తుందేమో' అన్న భయం. ఈ రెండవ భయం అర్థం చేసుకోదగినదే. పాఠశాల యాజమాన్యం, తల్లిదండ్రులు ఉపాధ్యాయునికి అండగా నిలబడితే అది తీరుతుంది. కాని దాని ఖరీదును పిల్లవాని చేత కట్టించడం న్యాయం కాదు.

రెండవది కాలప్రమాణం. నేటి చిన్న ప్రమాదాన్ని తప్పించి రేపటి పెద్ద ప్రమాదాన్ని పెంచే రక్షణ రక్షణ కాదు. పడడం నేర్చుకోని పిల్లవాడు పడకుండా ఉండడు. పెద్దయ్యాక, మెట్లమీదో బస్సు దగ్గరో, ఎలా పడాలో తెలియకుండా పడతాడు. 1972లో రాబర్ట్ పెర్స్కే ముందుకు తెచ్చిన 'ప్రమాదంలోని గౌరవం' అన్న భావన ఇక్కడ గుర్తుంచుకోదగినది. మానసిక వైకల్యం గలవారి విషయంలో చెప్పినదైనా దాని సారం విస్తృతమైనది: తోటివారందరూ ఎదుర్కొనే మామూలు అపాయాల నుంచి ఒకరిని పూర్తిగా తప్పించడం, అతణ్ని తోటి మనిషిగా లెక్కించకపోవడమే. రాబర్ట్ స్కాట్ 1969లో మరొక కోణం చూపాడు. అంధుల నిస్సహాయత కంటిలోపం నుంచి కాక, చాలావరకు వారితో సమాజమూ సేవాసంస్థలూ ప్రవర్తించే తీరు నుంచి అలవడుతుందని ఆయన వాదన. కూర్చోబెట్టగా కూర్చోబెట్టగా కూర్చోవడమే స్వభావంగా స్థిరపడుతుంది. ఆపైన ఆ స్వభావాన్నే చూపి, కూర్చోబెట్టడాన్ని సమర్థిస్తారు.

మూడవది సంప్రదింపు. పిల్లవాడు నిర్ణేత కాకపోవచ్చు, సాక్షి మాత్రం అవుతాడు. తనకు ఎంత కనిపిస్తుందో, ఏ వెలుగులో కనిపిస్తుందో, ఏ శబ్దం తెలుస్తుందో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. చట్టం దృష్టిలో కూడా అంధత్వం, అల్పదృష్టి వేర్వేరు. మెరుగైన కంటికి అద్దాలతో సరిచేసిన తరువాత కూడా చూపు 3/60 కంటే తక్కువ ఉండడం, లేదా దృష్టిక్షేత్రం 10 డిగ్రీల లోపు ఉండడం అంధత్వంలోకి వస్తుంది. 3/60కి, 6/18కి మధ్య ఉన్నవారు అల్పదృష్టి గలవారు. ఎర్రమట్టి నేలమీద ఎర్రబంతి కనిపించనివానికి పసుపుబంతి కనిపించవచ్చు. అడగకుండా ఇది తెలియదు.

బాలికల విషయంలో ఈ మూడు కొలతలూ మరింత కఠినంగా వర్తిస్తాయి. 1980లో ఐరిస్ మారియన్ యంగ్ రాసిన ప్రసిద్ధ వ్యాసం, బాలికలు తమ శరీరాన్ని పూర్తిగా వాడకుండా, చోటును పూర్తిగా ఆక్రమించకుండా పెరగడం ప్రకృతి కాదని, పెంపకమని వివరించింది. దృష్టిలోపం గల బాలికకు ఆ సంకోచం రెట్టింపు. 'ఆడపిల్ల, పైగా చూపులేదు' అన్న మాటలో రెండు రక్షణలు కలిసి ఒక నిర్బంధం అవుతాయి.

5. ఆట, నియమం, న్యాయం

రెండవ అభ్యంతరం ఆట స్వభావం గురించినది. 'అతనికోసం నియమాలు మారిస్తే అది ఆ ఆటే కాదు. తక్కిన పిల్లలకు అన్యాయం' అంటారు. ఈ అభ్యంతరానికి సమాధానం, ఆట అంటే ఏమిటో చూస్తే దొరుకుతుంది.

1978లో బెర్నార్డ్ సూట్స్ ఆటకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా తెచ్చిపెట్టుకొని దాటే ప్రయత్నమే ఆట. తెలుగు పిల్లల కళ్లగంతలాట ఈ నిర్వచనానికి చక్కని ఉదాహరణ. చూపున్న పిల్లలు తమంత తాముగా కళ్లకు గంత కట్టుకొని, చప్పుడునుబట్టి తోటివారిని పట్టుకుంటారు. చూపులేని కదలిక ప్రమాదమే అయితే ఈ ఆట తరతరాలుగా వీధుల్లో నిలిచేది కాదు. అక్కడ అది కేరింత. గంత కట్టుకున్న పిల్లవాడు ఆటలో నాయకుడు. గంత అవసరం లేని పిల్లవాడు ఆటకు బయట. ఈ వైరుధ్యం ఆటలో లేదు, ఆటకు పిలిచేవారిలో ఉంది. అలాగని గంత కట్టుకున్నంతలో అంధత్వం అర్థమైనట్లు కాదు. విప్పుకోగల గంత వేరు, విప్పుకోలేని స్థితి వేరు. ఒకటి ఎంపిక, మరొకటి జీవితం. ఆట నేర్పేది అంధత్వాన్ని కాదు, చూపు లేకుండానూ ఆడవచ్చునన్న సత్యాన్ని.

తక్కిన దేశీయ ఆటలనూ ఈ దృష్టితో చూడవచ్చు. చేతులు పట్టుకొని తిరిగే ఒప్పులకుప్ప, జంటగా తట్టే చెమ్మచెక్క స్పర్శతో, లయతో నడుస్తాయి. తాడు లాగుడుకు పట్టు చాలు. చెడుగుడులో కూతకు వెళ్లినవాడు కూత ఆపితే ఔటు. అంటే దాడి చేసేవాడు తన ఉనికిని శబ్దంతో చెప్పి తీరాలి. పట్టే జట్టు మాత్రం మౌనంగా ఉంటుంది కనుక ఆట సగం వినిపించేది, సగం వినిపించనిది. ఆ సగానికి చప్పట్ల వంటి ఏర్పాటు చేస్తే ఆట అందరిదవుతుంది. కుస్తీలో ఒకసారి పట్టు దొరికాక కంటిపని తక్కువ. అంధుల జూడోలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్న తరువాతే పోటీ మొదలవుతుంది. వామనగుంటలు వేళ్లతో గుంటలు తడిమి, గింజలు లెక్కించి ఆడదగినవి. కాని ఇక్కడొక హెచ్చరిక అవసరం. వామనగుంటలు, చదరంగం వంటి కూర్చొని ఆడే ఆటలు మాత్రమే ఇచ్చి బాధ్యత తీరిందనుకుంటే, వరండాలో కూర్చోబెట్టడానికి మరింత మర్యాదైన పేరు దొరికినట్లే.

నియమాలు మార్చడం ఆటకు కొత్త కాదు. ఐదు రోజుల క్రికెట్ 50 ఓవర్లకు, 20 ఓవర్లకు మారినా క్రికెట్టే. అంధుల క్రికెట్ 1922లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, డబ్బాలో రాళ్లు పోసి ఆడిన ఆటగా మొదలైంది. ఇప్పుడు లోపల గలగలలాడే ప్లాస్టిక్ బంతితో, చేయి కిందుగా విసిరి ఆడతారు. పదకొండుగురిలో కనీసం నలుగురు పూర్తి అంధులు ఉండాలి. తక్కినవారు పాక్షిక దృష్టి గలవారు. బౌలర్ ముందు సిద్ధమా అని అడగాలి, బ్యాటర్ ఔనన్నాకే బంతి వేయాలి. పూర్తి అంధుడు చేసిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. ఇది దయతో ఇచ్చిన మినహాయింపు కాదు. సమానులకు సమానంగా, అసమానులకు నిష్పత్తిని బట్టి అన్న అరిస్టాటిల్ న్యాయసూత్రం స్కోరుపుస్తకంలో అమలైన తీరు. పరుగు విలువ దాని దూరంలో మాత్రమే లేదు, దాటిన అడ్డంకిలో కూడా ఉందని ఈ నియమం చెబుతున్నది.

గోల్‌బాల్ దీన్ని మరొక మెట్టు పైకి తీసుకెళుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల పునరావాసం కోసం 1946లో రూపొందిన ఈ ఆట 1976 నుంచి పారాలింపిక్ క్రీడ. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల స్థలంలో, జట్టుకు ముగ్గురు, గంటలున్న 1.25 కిలోల బంతితో ఆడతారు. అందరికీ కళ్లగంతలు తప్పనిసరి కనుక కొద్దిపాటి చూపు కూడా ఆధిక్యం కాలేదు. ఆట సాగుతున్నంతసేపు ప్రేక్షకులు మౌనంగా ఉండాలి. ఇందులోని నైతికార్థం గొప్పది. తక్కిన ఆటల్లో ప్రేక్షకుడు ఆటకు బయటివాడు. ఇక్కడ అతని మౌనం ఆటకు పునాది. ఆటగాని సామర్థ్యం అతని ఒక్కడిలో లేదు, చుట్టూ ఉన్నవారు ఇచ్చిన నిశ్శబ్దంలో కూడా ఉంది. 'ఈ పిల్లవాడు ఆడలేడు' అన్న వాక్యంలో ఎన్నిసార్లు 'మేము మౌనంగా ఉండలేము' అన్న అర్థం దాగి ఉందో పాఠశాల విచారించుకోవలసి ఉంటుంది.

6. సహాయం: భుజాలమీది దారి, చేతిలోని తాడు

సహిత విద్య వ్యాప్తితో మండలానికి భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు తెలుగు రాష్ట్రాల్లో ఏర్పడ్డారు. ప్రత్యేక పాఠశాలలో చూపులేని పిల్లలందరూ కలిసి ఆడుకునే వీలుంది. సాధారణ పాఠశాలలో అతడు తరచు ఒంటరి. కలిసి చదివినంతలో కలిసి ఆడినట్లు కాదు. అందువల్ల సహాయం ఎలా ఉండాలన్నది ముఖ్యమైన ప్రశ్న.

అంధపంగు న్యాయంలో చూపున్నవాడు భుజాలమీద కూర్చొని దారి నిర్ణయిస్తాడు. పారాలింపిక్ పరుగుపందాల్లో టి11 వర్గానికి చెందిన అంధ క్రీడాకారులది దీనికి భిన్నమైన పద్ధతి. క్రీడాకారుడూ తోడుగా పరుగెత్తేవాడూ ఒక చిన్న తాడును చెరొక కొసన పట్టుకుంటారు. తోడుపరుగరి లాగకూడదు, నెట్టకూడదు. గమ్యరేఖను క్రీడాకారుని కంటే ముందు దాటితే ఆ పరుగు చెల్లదు. దారి తెలిసినవాడు తోడివాడే అయినా వేగం నిర్ణయించేది క్రీడాకారుడు. సహాయం ఎక్కడ ఆగాలో నియమమే చెబుతున్నది. భుజాలమీద ఉన్నవాడు చూపులేనివాని నడకను తన గమ్యానికి వాడుకుంటాడు. తాడు పట్టినవాడు తన చూపును ఎదుటివాని గమ్యానికి అప్పగిస్తాడు. పాఠశాల నేర్పవలసిన సహాయం ఈ రెండవది. ఇది నేర్చుకున్న చూపున్న పిల్లవానికి కలిగే లాభం తక్కువది కాదు. ఒకరికి తోడుండి వెనుక నిలవడం మరే పీరియడులోనూ నేర్పరు.

మరొక అపాయాన్నీ గుర్తించాలి. గుంటూరు జిల్లాకు చెందిన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించి, 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం పొందారు. ఇటువంటి విజయాలు గర్వకారణాలే. కాని ఆటహక్కుకు పతకాన్ని ఆధారం చేయడం తప్పు. చూపున్న పిల్లలందరూ ఛాంపియన్లు అవుతారని ఎవరూ ఆటల పీరియడు పెట్టలేదు. సరిగా ఆడలేని పిల్లవానికి కూడా ఆడే హక్కు ఉంది, ఓడిపోయే హక్కు ఉంది. దృష్టిలోపం గల పిల్లవాణ్ని జాలితో గెలిపించడమూ, అద్భుతంగా ఆడితేనే చేర్చుకోవడమూ ఒకే అవమానానికి రెండు ముఖాలు.

7. 'చేయాలి' – 'చేయగలం'

చేయవలసినది అంటే చేయగలిగినదై ఉండాలన్నది కాంట్‌తో ముడిపడి ప్రసిద్ధమైన నీతిసూత్రం. అసాధ్యమైనదాన్ని కర్తవ్యమనలేం. కాబట్టి సాధ్యాసాధ్యాల మాట రాక తప్పదు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు ప్రతి పాఠశాలకూ ఆటస్థలం, ఆటసామగ్రి ఉండాలంటుంది. ఆటస్థలమే లేని బడిలో అందరు పిల్లలకూ జరిగేది ఒకే అన్యాయం. ఆటస్థలం ఉండీ ఒకరిని దూరం పెట్టడం వేరే అన్యాయం. ఈ రెండవదాన్ని సరిదిద్దడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. గంటల బంతి దొరకనిచోట మామూలు బంతిని ప్లాస్టిక్ సంచిలో కట్టినా దొర్లేటప్పుడు గరగర వినిపిస్తుంది. రెండు గుంజల మధ్య నడుమెత్తున తాడు కట్టి, దాన్ని వేళ్లతో తాకుతూ ఒంటరిగా పరుగెత్తే దారి చేయవచ్చు. గీత గీసిన సున్నం కింద సన్నని తాడు పరిస్తే పాదానికి హద్దు తెలుస్తుంది. గమ్యం దగ్గర ఒకరు చప్పట్లు కొడితే దిక్కు తెలుస్తుంది. కదలికను మాటల్లో క్రమంగా చెప్పడం, అడిగి అనుమతితో చేయి పట్టి చూపడం, ఉపాధ్యాయుని భంగిమను తాకి తెలుసుకోనివ్వడం బోధనపద్ధతులు. 'ఇటు', 'అలా' అన్న మాటలు మాని 'నీ కుడివైపు రెండడుగులు' అనడానికి ఏ నిధులూ అవసరం లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. బాల్యంలోనే చూపు కోల్పోయిన ఫ్రాన్సిస్ జోసెఫ్ కాంప్‌బెల్ 1872లో లండన్‌లో స్థాపించిన అంధుల కళాశాలలో వ్యాయామానికి, ఈతకు సంగీతంతో పాటు ముఖ్యస్థానం ఇచ్చాడు. తాను స్వయంగా 1880లో మోబ్లా శిఖరం ఎక్కాడు. ఒకటిన్నర శతాబ్దం కిందట సాధ్యమైనది నేడు అసాధ్యమంటే, లోపం సాధనాల్లో కాక సంకల్పంలోనూ ఉపాధ్యాయ శిక్షణలోనూ ఉన్నట్లు. ఎలా నేర్పాలో ఎన్నడూ నేర్పని వ్యాయామ ఉపాధ్యాయుణ్ని మాత్రమే దోషిని చేయడం ఆ పిల్లవానికి జరిగిన అన్యాయాన్ని మరొకరికి బదిలీ చేయడమే. శిక్షణ ఇవ్వని వ్యవస్థ, అండగా నిలవని యాజమాన్యం, భయపడిన కుటుంబం, పిలవని తోటిపిల్లలు అందరూ ఇందులో భాగస్థులు. చేసినవారు లేని అన్యాయం అన్న తొలి ప్రశ్నకు సమాధానం ఇదే: ఇక్కడ అన్యాయం కర్తలు లేనిది కాదు, అనేకుల మధ్య పంచుకోబడినది. పంచుకోబడింది కనుక ఎవరి వాటా వారికి చిన్నదిగా కనిపిస్తుంది. సరిదిద్దడం కూడా ఎవరి వాటా వారు మొదలుపెట్టడంతోనే సాధ్యం.

8. ఉపసంహారం

దృష్టిలోపం గల పిల్లలకు వ్యాయామం అవసరం తక్కువ కాదు, ఎక్కువ. వారిని కాపాడడం పాఠశాల ధర్మమే అయినా, ఆ రక్షణ తక్కిన పిల్లలకు వర్తించే ప్రమాణానికి లోబడాలి, రేపటిని లెక్కలోకి తీసుకోవాలి, పిల్లవాని మాట వినాలి. ఆటనియమాలు ప్రకృతినియమాలు కావు. మనుషులు చేసుకున్నవి కనుక మనుషులందరి కోసం మార్చుకోదగినవి. సహాయం అంటే భుజాలమీద కూర్చొని దారి శాసించడం కాదు, తాడు కొస పట్టుకొని అరడుగు వెనుక పరుగెత్తడం.

చదువు చెప్పి ఆట మాన్పించిన పాఠశాల ఆ పిల్లవానికి సగం చదువే ఇచ్చింది. ఆయాసం, చెమట, మట్టి, దోక్కుపోయిన మోకాలు బాల్యం హక్కుగా పొందేవి. వాటినుంచి ఒక బిడ్డను తప్పించామని చెప్పుకోవడానికి ముందు, ఆ బిడ్డ తప్పించమని అడిగాడా అని పాఠశాల ప్రశ్నించుకోవాలి.